గెడ్డ ఎవరిది? విశాఖ నీళ్లూ, చేపా, పట్టా లేని మనిషీ

విశాఖపట్నంలో ఇవాళ ఎవరినైనా గెడ్డ ఎక్కడుందని అడిగితే ముక్కు మూసుకుని మురుక్కాలవ చూపిస్తారు. ఉత్తరాంధ్ర మాటలో గెడ్డ అంటే అది కాదు. కొండ మీద పడ్డ వాన చిన్న చిన్న ఊటలుగా దిగి, చెరువులు నింపి, మళ్లు తడిపి, చివరికి ఉప్పుటేరులో కలిసే వాగు. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ ఆ రకం పేర్లే. ఒక మాట అర్థం ఇంతగా దిగజారిందంటే దాని వెనక చరిత్ర ఉంటుంది.

ఆ చరిత్రని ఇప్పటిదాకా ఎక్కువగా రెండు తరహాల వాళ్లు రాశారు. అభివృద్ధి రాసేవాళ్ల పుస్తకంలో రేవు, నౌకా నిర్మాణం, రిఫైనరీ, ఉక్కు వరసగా వస్తాయి. పర్యావరణం రాసేవాళ్ల పుస్తకంలో మడ చెట్లు, పక్షులు, కాలుష్యం లెక్కలు వస్తాయి. ఈ రెండు పుస్తకాల్లోనూ కనపడని మనిషి ఒకడున్నాడు. గెడ్డ పక్క పోరంబోకులో గడ్డి కోసుకున్నవాడు, చెరువు దిగువ పొలంలో కూలికి నాటు వేసినామె, ఉప్పుటేట్లో పీతలు పట్టినవాడు, ఆ తర్వాత పట్నమొచ్చి అదే గెడ్డ మురుగు ఎత్తినవాడు. ఆ మనిషి చేతిలో పట్టా లేదు. అందుకే చరిత్రలోనూ చోటు లేదు.

మేము ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఒక్కటే. నీటిని ఎక్కడైనా నిజంగా కాపాడింది ప్రకృతి ప్రేమ కాదు, అక్కడ బతికేవాళ్ల హక్కు. హక్కు రాసి ఉన్న చోట కొండా వాగూ కొంతైనా మిగిలాయి. హక్కు రాయని చోట మనిషితో పాటు నీరూ పోయింది.

సాల్మన్ కథ

ముందు దూరదేశం సంగతి ఒకటి చూద్దాం. అమెరికా పడమటి తీరంలో సాల్మన్ అనే చేప ఉంది. మన రేవుల్లో దొరికే మాగ చేపని ఇంగ్లీషులో ఇండియన్ సాల్మన్ అంటారు గానీ, పేరే తప్ప చుట్టరికం లేదు. అసలు సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన నదికే ఎదురెక్కుతుంది. ఆనకట్ట కడితే దాని దారి మూసుకుపోతుంది. అడవి కొట్టేస్తే వాగు పూడిపోయి గుడ్లు చస్తాయి. అంటే ఈ ఒక్క చేప బతకాలంటే కొండ నుంచి సముద్రం దాకా పరీవాహక ప్రాంతమంతా బాగుండాలి.

అక్కడ సాల్మన్ పరిరక్షణ అనగానే మనకి చదువుకున్న ప్రకృతి ప్రేమికులు గుర్తొస్తారు. కానీ ఆ పోరాటానికి వెన్నెముక ఆదివాసులు. వాషింగ్టన్ రాష్ట్రంలోని తెగలు 1854-55లో భూములు వదులుకుంటూ రాయించుకున్న ఒప్పందాల్లో, తమ పాత చోట్లలో చేపలు పట్టుకునే హక్కు నిలుపుకున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పట్టించుకోలేదు. 1960లలో బిల్లీ ఫ్రాంక్ జూనియర్ లాంటివాళ్లు కావాలనే వలలు వేసి జైళ్లకి వెళ్లారు. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్, పట్టదగిన చేపలో సగం ఆ తెగలదేనని తీర్పిచ్చాడు. అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. చేప పట్టే హక్కు ఉందంటే, పట్టడానికి చేప కూడా ఉండాలి కదా అని తెగలు అడిగాయి. రోడ్ల కింద చేప దారికి అడ్డమైన తూముల్ని రాష్ట్రం తన ఖర్చుతో బాగు చెయ్యాలన్న కింది కోర్టు తీర్పు 2018లో సుప్రీంకోర్టులో నిలిచింది. ఎల్వా నది మీద రెండు ఆనకట్టలు 2011-14 మధ్య, క్లామత్ నది మీద నాలుగు 2024 నాటికి తొలగించారు. రెండు చోట్లా తెగల ఒత్తిడి దశాబ్దాల పాటు పనిచేసింది.

ఇందులో మనకి పాఠం ఏమిటంటే, వాళ్లు మొదట అడిగింది తమ వాటాని. ఆ వాటా నిలబడటం కోసం తర్వాత నదిని అడిగారు.

మన పులస

మన దగ్గర సాల్మన్‌లా ఎదురీదే చేప పులస. సముద్రంలో ఉన్నప్పుడు విలస, వరద నీటిలో గోదావరి ఎక్కితే పులస. 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. డెల్టా పచ్చబడింది, కాటన్ దొర దేవుడయ్యాడు. బ్రిటిష్ ఇండియా మత్స్య శాఖాధికారి ఫ్రాన్సిస్ డే 1873 నివేదికలో, దక్షిణాది నదుల మీది ఆనకట్టలు ఈ జాతి చేపల దారిని మూస్తున్నాయని రాశాడు. అంటే నూటయాభై ఏళ్ల కిందటే సర్కారుకి తెలుసు.

పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. ఈ సామెతలో తినేవాడున్నాడు, అమ్మే పుస్తెలున్నాయి, వల వేసినవాడు మాత్రం లేడు. పులస ధర వేలల్లోకి పోయిందని ఏటా ఆగస్టులో పేపర్లు రాస్తాయి. చేప తగ్గితే వేటగాడి బతుకేమైందో రాయడం తక్కువ. తెలుగువాళ్లకి చేప మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమ కంచం దగ్గరే ఆగిపోయింది. అది హక్కు దాకా పోలేదు.

గెడ్డ మొగ: రేవు

ఇక విశాఖకి వద్దాం. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకాల, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట, పోటుకి మునిగి పాటుకి తేలే పెద్ద ఉప్పుటేటి చిత్తడి ఉండేది. రికార్డు భాషలో అది పనికిరాని బురద. ఎవరి లెక్కలో పనికిరానిది? చేప పిల్లలు, రొయ్యలు, పీతలు పెరిగేది అలాంటి బురదలోనే. చుట్టుపక్కల పేదవాళ్లకి అది సాయంత్రం కూర.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో 1927లో ఇక్కడ లోపలి రేవు పనులు మొదలయ్యాయి. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం బయటికి పోవడానికి దారి కావాలి. బురద తవ్వి ఓడలకి లోతు చేశారు, తవ్విన మట్టితో మిగతా చిత్తడి పూడ్చారు. 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవుని ప్రారంభించాడు.

1927 మనకి ఇంకోలా గుర్తుండాలి. ఆ ఏడాది మార్చి 20న అంబేద్కర్ వేలాది మందితో నడిచి వెళ్లి మహద్‌లో చవుదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకుని తాగారు. పశువు తాగే నీళ్లు అంటరానివాడు తాగకూడదన్న ధర్మాన్ని ఆ దోసిలి పగలగొట్టింది. ఒక తీరాన నీటి మీద మనిషి హక్కు ప్రకటించిన ఏడాదే ఇంకో తీరాన ఎవరినీ అడక్కుండా ఒక ఏటి మొగని మూసెయ్యడం మొదలైంది. రెండింటికీ సంబంధం లేదనుకోవడం మనకి అలవాటైంది. మా దృష్టిలో రెండూ ఒకటే ప్రశ్న: ఉమ్మడి నీరు ఎవరి ఉమ్మడి? అంబేద్కర్ 1942-46 మధ్య వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. నీటిపారుదల, విద్యుత్తు కూడా ఆయన కిందే ఉండేవి. దామోదర్ నదీ లోయని మొత్తంగా ఒకటిగా చూసి ప్రణాళిక వెయ్యాలన్న ఆలోచనని ముందుకు నడిపినవాళ్లలో ఆయనొకరు. పర్యావరణ చరిత్రలు ఈ పేజీని చాలాకాలం తిప్పలేదు.

రేవు తర్వాత వరస అందరికీ తెలిసిందే. 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1967లో కోరమాండల్ ఎరువులు, 1977లో జింకు స్మెల్టరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రవేత్తలు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970లలో రేవు నీళ్లని పరిశీలించారు. మిగతా జీవాలు బతకలేని చోట కాపిటెల్లా అనే పురుగు గుంపులుగా పెరుగుతోందని చూపించారు. ఆ పురుగు పుష్టిగా ఉందంటే నీరు చచ్చిపోతోందని అర్థం. జింకు స్మెల్టరు 2012లో మూతపడింది. ఏటి అడుగున పేరుకున్నది ఫ్యాక్టరీతో పాటు మూతపడదు.

మొగ మూశాక మేఘాద్రిగెడ్డ పైభాగాన జలాశయం కట్టి నీళ్లు పట్నానికీ పరిశ్రమలకీ మళ్లించారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు, ఆ ఫ్యాక్టరీ ఈ జలాశయానికి ఎంత దగ్గరో పట్నం వాళ్లలో చాలామందికి మొదటిసారి తెలిసింది. ఊరివాళ్లకి ముందే తెలుసు. వాళ్ల మాట వినే చెవి లేదు.

ఇంకో సంగతి. పట్నం లోపలి గెడ్డలు మురుక్కాలవలయ్యాక వాటిని శుభ్రం చేసే పని ఎవరి నెత్తిన పడింది? విశాఖ పాతపట్నంలో రెల్లివీధి ఉంది. ఉత్తరాంధ్ర పట్నాల్లో పారిశుధ్యం పనిని తరతరాలుగా రెల్లి కులం మీద రుద్దారు. వాగుని మురుగు చేసింది ఒకరు, ఎత్తేది ఇంకొకరు. 1993లోనూ, మళ్లీ 2013లోనూ మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ చట్టాలొచ్చాయి. పరీవాహక ప్రాంతం గురించి పట్నంలో ఎన్ని సభలు జరిగినా, ఆ ప్రాంతాన్ని చేతులతో ఎరిగినవాడిని వేదిక మీదికి పిలవడం అరుదు. గెడ్డకి కులం అంటింది.

బాలచెరువు: ఉక్కు

1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రం అంతా లేచింది. కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ త్యాగాన్ని మేము తక్కువ చెయ్యం. 2021 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారాన్ని అమ్మాలని నిర్ణయించినప్పుడు లేచిన కార్మికుల పోరాటంతోనూ ఉన్నాం. రిజర్వేషన్ ద్వారా దళిత యువకులకి స్థిరమైన ఉద్యోగం ఇచ్చిన చోటు అది. ప్రైవేటు పరం చేస్తే ఆ తలుపు మూసుకుంటుంది.

అయినా ఒక మాట అడగాలి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన చోటు పేరు బాలచెరువు. ఉక్కు చరిత్రలో ఆ పేరు శిలాఫలకంగా మిగిలింది. చెరువుగా ఎవరు గుర్తుపెట్టుకున్నారు? 60కి పైగా గ్రామాల నుంచి 20 వేల ఎకరాలకి పైగా భూమి తీసుకున్నారు. అంటే పొలాలే కాదు, వాటిని తడిపే చెరువులు, కాలవలు, గెడ్డలు, గయాళు భూములు కూడా. అప్పటి చట్టం 1894 నాటిది. ఆ చట్టం భూమి యజమానికి వెల కట్టేది. ఆ పొలంలో కూలి చేసేవాడికి, చెరువులో చేపలు పట్టేవాడికి, గట్టు మీద మేక మేపుకునేవాడికి ఆ చట్టంలో గడి లేదు. నిర్వాసితులకి ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం వేలమంది దశాబ్దాలు తిరిగారు. కొందరు కార్డుతోనే ముసలివాళ్లయ్యారు. కూలీలు, కౌలుదార్లు, చేపలవాళ్లు కూడా నష్టపోయిన కుటుంబాలేనని దేశం చట్టంలో రాసుకుంది 2013లో. బాలచెరువు పోయిన నలభై ఏళ్లకి.

చెరువులు పోయిన ప్రాంతానికి నీళ్లు కావాలి కాబట్టి దూరాన ఏలేరు జలాశయం నుంచి నూటయాభై కిలోమీటర్ల కాలవ తవ్వారు. ఆ తర్వాత సముద్రం వైపు కూడా మూసుకుంది. గంగవరం రేవు కోసం జాలారి, వాడబలిజ మత్స్యకారులు తమ పడవల జెట్టీని వదులుకోవాల్సి వచ్చింది. 2006లో అక్కడా కాల్పులు జరిగాయి. మత్స్యకారులు దళితులు కారు. వాడకీ పల్లెకీ మధ్య దూరం ఉందన్నది కూడా నిజం. కానీ ఇద్దరూ పోగొట్టుకున్నది ఒకే రకం ఆస్తి. కాగితం మీద లేని ఆస్తి.

గెడ్డ తల: బొర్రా

కింద ఇలా ఉంటే పైన ఏం జరిగిందో చూడాలి. విశాఖకి నీళ్లిచ్చే గోస్తనీ నది అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర పుడుతుంది. దాని మీది తాటిపూడి జలాశయం పట్నం దాహం తీరుస్తోంది. శారదానది కూడా ఆ కొండల నుంచే దిగి రైవాడ నింపుతుంది. అంటే పట్నం కుళాయికి తల అక్కడుంది.

ఆ కొండల్లో కాల్సైటు తవ్వకాలకి ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి లీజులిచ్చింది. బొర్రా చుట్టుపక్కల ఆదివాసుల తరఫున సమత అనే సంస్థ కోర్టుకి వెళ్లింది. హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టుకి పోయింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి ఆదివాసి కాని వ్యక్తికి బదలాయించకూడదని 1/70 చట్టం చెప్తోంది కదా, ఆ 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉందని కోర్టు అంది. ప్రభుత్వ భూమైనా సరే అక్కడ ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వడం చెల్లదంది.

ఆ పిటిషను నది గురించి వేసింది కాదు, చేప గురించి వేసింది కాదు. భూమి హక్కు గురించి వేసింది. అయినా విశాఖ చరిత్రలో పరీవాహక ప్రాంతానికి ఇంతకన్నా పెద్ద కాపలా ఇంకోటి మాకు కనపడదు. తర్వాత బాక్సైటు కోసం 2005 నుంచి ప్రభుత్వాలు గనుల సంస్థని ముందు పెట్టి దొడ్డిదారి వెతికాయి. గాలికొండ, రక్తకొండ తలలు తవ్వితే వాన నీటిని పట్టి ఉంచి ఊటగా వదిలే పొర పోతుందని, గెడ్డలు ఎండిపోతాయని ఆదివాసులు చెప్పారు. 2015లో ఇచ్చిన బాక్సైటు జీవో 97ని 2019లో రద్దు చెయ్యాల్సి వచ్చింది. అమెరికా తెగలు ఒప్పందం కాగితంతో చేసిన పనిని, మన కొండవాళ్లు ఐదో షెడ్యూలుతో చేశారు. పట్నంలో కుళాయి తిప్పేవాళ్లు ఈ అప్పు ఒప్పుకోవాలి.

మైదానంలో దళితుడికి ఐదో షెడ్యూలు లేదు. అసలు తేడా అక్కడుంది.

పరిరక్షణ పేరుతో

మైదానంలో దళితుడికి ఉన్నదేమిటి? డి-పట్టా. లేదా అదీ లేని సాగు. విశాఖ చుట్టూ చాలా గ్రామాలు జమీందారీ, ఇనాం గ్రామాలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత వాటిలో సర్వే, సెటిల్మెంటు జరిగింది. గట్టి నోరున్నవాడి పేరు పట్టాలోకెక్కింది. వాడవాళ్లు తరాలుగా వాడుకున్న చెరువు శిఖం, గెడ్డ గట్టు, గయాళు భూమి ప్రభుత్వ పోరంబోకు అయింది. తర్వాత పంచిన ముక్కల్ని అమ్మకూడదని 1977 చట్టం రక్షణ ఇచ్చింది. కానీ ప్రభుత్వం వెనక్కి తీసుకోవాలనుకుంటే అదే భూమి అన్నిటికన్నా సులువుగా దొరుకుతుంది. 2020 జనవరిలో విశాఖ చుట్టూ సుమారు 6 వేల ఎకరాలు సమీకరించాలని ఉత్తర్వు వస్తే, అందులో ప్రధానంగా ఉన్నవి ఇలాంటి అసైన్డు, ఆక్రమణ సాగు భూములే. పేదల ఇళ్ల స్థలాల కోసమే అన్నారు. పేదవాడి సాగు తీసి పేదవాడికి సెంటు ఇవ్వడం ఈ దేశంలో కొత్త కాదు.

అందుకే చెరువుల్ని కాపాడండి అన్న నినాదం విన్నప్పుడు మనవాళ్ల గుండె జంకుతుంది. చెరువు ఆక్రమణ తొలగింపు అనగానే బుల్డోజరు మొదట వెళ్లేది గుడిసె మీదికే. లేఅవుటుకి కాగితాలుంటాయి. సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి చెరువుల ఆక్రమణలు తొలగించమంటూనే, భూమిలేని కూలీలకి, ఎస్సీ ఎస్టీలకి ప్రభుత్వం లీజు ఇచ్చిన సందర్భాల్ని మినహాయింపుగా చూడొచ్చంది. ఈ మినహాయింపు మనవాళ్లలో ఎంతమందికి తెలుసు?

1994 హనుమంతరావు కమిటీ తర్వాత వచ్చిన వాటర్‌షెడ్ పథకాల సంగతీ అంతే. కందకాలు తవ్వారు, చెక్ డ్యాములు కట్టారు. మంచిదే. కానీ భూమిలో నీరు పెరిగితే అది భూమున్నవాడి బోరులోకి పోయింది. తవ్విన కూలీకి ఆ నాలుగు రోజుల కూలే దక్కింది. నీటికి వాటాదారు కాకుండా చేసి, నీటి పనికి మాత్రం కూలీని చేసే పరిరక్షణ ఇది.

వేరే దారి లేదా అంటే ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2010లో బీల కోసం జరిగిన పోరాటం చూడండి. థర్మల్ కంపెనీకి ఇచ్చిన ఆ చిత్తడిని రికార్డు పనికిరాని భూమి అంది. అక్కడి రైతులు, మత్స్యకారులు, కూలీలు కలిసి బీల మా తిండి అన్నారు. జులై 14న కాల్పుల్లో మనుషులు చనిపోయారు. మర్నాడే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. బీల మిగిలింది. అక్కడ చిత్తడిని కాపాడండి అన్న నినాదానికి ముందు మా తిండి అన్న మాట ఉంది.

ఇప్పుడు మనం చెయ్యాల్సింది

విద్యార్థులకి, ఉపాధ్యాయులకి, కార్యకర్తలకి మా విజ్ఞప్తి ఒకటే. మీ ఊరి గెడ్డని కాగితాల్లో వెతకండి. సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ తీసుకుని, చెరువు, శిఖం, గయాళు, వాగు పోరంబోకు ఏ సర్వే నంబరులో ఎంత ఉందో రాసుకోండి. సమాచార హక్కు కింద అడగండి. తర్వాత అదే కాగితం పట్టుకుని వాడకి వెళ్లి, ముసలమ్మల్ని కూర్చోబెట్టి అడగండి. ఏ రేవులో నీళ్లు తెచ్చుకునేవారు, ఏ రేవు మనవాళ్లకి నిషేధం, ఏ కాలంలో ఏ చేప వచ్చేది, గడ్డి ఎక్కడ కోసేవారు. కాగితంలో లేనిది వాళ్ల నోట ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే మన వాటా ఎంతో తెలుస్తుంది.

ఇది జ్ఞాపకాల పుస్తకం కోసం కాదు. రేపు ఎవరైనా ఆ గెడ్డని బాగుచేస్తామని వస్తే, సంతోషం, మా వాటా ఇదీ అని చూపించడానికి. ఎవరైనా ఆ గెడ్డని పూడ్చడానికి వస్తే కూడా ఆ కాగితమే అడ్డం పెట్టడానికి. మహద్‌లో అంబేద్కర్ తాగిన దోసెడు నీళ్లు దాహం తీర్చుకోవడానికి కాదు కదా. ఆ చెరువు మనదీ అని నమోదు చెయ్యడానికి. విశాఖ గెడ్డల దగ్గర ఆ నమోదు ఇంకా మిగిలే ఉంది.